సుంకపు బల్ల మీద పడిన వెలుగు
(చిత్రకారుడు కరవాజ్జో జీవితం)

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు కోరారు. మన సభ్యుల్లో చాలామంది దేశనాయకుల గురించీ, వాగ్గేయకారుల గురించీ నాకంటే బాగా వ్రాయగలరు. నేను మాత్రం నాలుగు వందల ఏళ్ళ క్రితం ఇటలీలో బ్రతికిన ఒక చిత్రకారుని గురించి వ్రాయదలచాను. ముందే మనవి చేస్తున్నాను, ఆయన మహనీయుడు కాడు. ఇంటి అద్దె ఎగ్గొట్టాడు. హోటలు కుర్రవాడి ముఖాన కంచం విసిరాడు. చివరకు ఒక మనిషిని చంపాడు. అయినా డెబ్భై అయిదేళ్ళ వయసులో నన్ను నిద్ర పట్టకుండా ఆలోచింపజేసిన మనిషి ఆయనే. ఎందుకో చివర చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి, అల్లుడు నన్నూ మా ఆవిడనూ యూరప్ యాత్రకు తీసుకువెళ్ళారు. రోము నగరంలో తిరిగి తిరిగి మోకాళ్ళు సహకరించక, నీడ దొరికితే చాలునని ఒక చర్చిలోకి వెళ్ళి కూర్చున్నాను. దాని పేరు సాన్ లుయిజి దెయి ఫ్రాంచేజి, అంటే ఫ్రెంచివారి చర్చి. ఒక మూల చిన్న గది ముందు జనం గుమిగూడి ఉన్నారు. లోపల చీకటి. గోడకు ఒక పెట్టె ఉంది. అందులో నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది. మా అల్లుడు నాణెం వేశాడు.

ఎడమవైపు గోడ మీద పెద్ద బొమ్మ. ఒక బల్ల చుట్టూ అయిదుగురు కూర్చుని డబ్బు లెక్క పెడుతున్నారు. ఒక ముసలాయన కళ్ళజోడు సవరించుకుంటూ నాణేలవైపు వంగి చూస్తున్నాడు. బల్ల చివర కుర్రవాడు తల ఎత్తడం లేదు. కుడివైపునుంచి ఏసు ప్రభువు, ఆయన పక్కన పేతురు వచ్చి నిలబడ్డారు. ప్రభువు చెయ్యి చాచి పిలుస్తున్నాడు. ఆ చేతి మీదుగా ఏటవాలుగా వెలుగు వచ్చి బల్ల దగ్గరివారి ముఖాల మీద పడుతోంది. ఇది మత్తయి కథ అనీ, ఆయన పన్నులు వసూలు చేసే సుంకరి అనీ మా అమ్మాయి చెప్పింది. మన క్రైస్తవ మిత్రులకు ఈ కథ తెలిసినదే. నాకు మాత్రం అది ఎక్కడో చూసిన గదిలా తోచింది. పన్నుల వసూళ్ళతో సంబంధం ఉన్న కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరి, మూడున్నర దశాబ్దాలు అటువంటి బల్ల దగ్గరే కూర్చున్నవాణ్ణి నేను. ఇంతలో దీపం ఆరిపోయింది. నేనే ఇంకో నాణెం అడిగి తీసుకుని పెట్టెలో వేశాను.

ఇంటికి వచ్చాక మా మనుమరాలు తెచ్చి ఇచ్చిన పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతులు ఇవి.

పుట్టిన తేదీ తగాదా

ఆయన అసలు పేరు మికెలాంజెలో మెరీజి. కరవాజ్జో అన్నది మిలాన్ దగ్గర వారి ఊరి పేరు. మన ఇంటిపేర్లలాగా అదే ఆయన పేరుగా నిలిచిపోయింది. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తగాదాలు మనకు కొత్త కాదు. ఈయనదీ అదే కథ. చాలాకాలం 1573లో పుట్టాడని చెప్పుకున్నారు. తరువాత అది 1571 అని తేలింది. చివరకు 2007లో మిలాన్‌లోని ఒక చర్చి పాత రిజిస్టరులో, 1571 సెప్టెంబరు 30న ఈ బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినట్టు ఒక పద్దు బయటపడింది. పేరు తెలియని ఒక వ్రాతగాడు ఆనాడు శ్రద్ధగా వేసిన ఒక్క పంక్తితో ఊరి సంగతి కూడా తేలింది. ఆయన పుట్టింది కరవాజ్జోలో కాదు, మిలాన్‌లో.

నిజానికి ఈయన జీవితం మనకు తెలిసింది చాలావరకు గుమస్తాల చలవ వల్లనే. తన గురించి ఆయన ఏమీ వ్రాసి పెట్టుకోలేదు. ఒప్పంద పత్రాలు, పోలీసు ఫిర్యాదులు, కోర్టు వాంగ్మూలాలు, జప్తు జాబితాలు, ఇవే ఆధారాలు. వీటిని వ్రాసినవాళ్ళు ఒక మహా చిత్రకారుని చరిత్ర వ్రాస్తున్నామని అనుకుని ఉండరు. ఆ రోజు పని ఆ రోజు చేశారు, అంతే.

తండ్రి ఫెర్మో మెరీజి, కరవాజ్జో ప్రాంతపు ప్రభువు ఫ్రాంచెస్కో స్ఫోర్జా కొలువులో ఇంటి వ్యవహారాలు, కట్టడాల పనులు చూసే ఉద్యోగి. ఆ ప్రభువు భార్య కొస్తాంజా కొలొన్నా. ఆ కొలొన్నా వంశం రోములో మహా బలమైన వంశం. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1577లో ప్లేగు వచ్చినప్పుడు తండ్రి, తాత ఒకే రోజున పోయారు. పిల్లవాడికి అప్పటికి ఆరేళ్ళు. 1584లో సిమోనె పేతెర్జానో అనే చిత్రకారుని దగ్గర నాలుగేళ్ళ శిష్యరికానికి ఒప్పందం వ్రాశారు. తల్లి 1590లో పోయింది. ఉన్న కాస్త ఆస్తీ అమ్ముకుని ఆ తరువాత కొన్నేళ్ళలో రోము చేరాడు.

రోములో మొదట జుసెప్పె చేజారి అనే పేరున్న చిత్రకారుని దగ్గర కూలికి కుదిరాడు. పని, పెద్దల చిత్రాల్లో పూలూ పండ్లూ వేయడం. తీరిక వేళల్లో సొంతంగా వేసి అమ్ముకునేవాడు. పేకాటలో ఒక అమాయకుణ్ణి ఇద్దరు మోసం చేస్తున్న చిత్రం కార్డినల్ ఫ్రాంచెస్కో మరియా దెల్ మోంతె కంట పడింది. ఆయన రోములో మెదిచి ప్రభువుల తరఫు మనిషి. చిత్రం కొనడమే కాక కరవాజ్జోను తన భవనంలోనే పెట్టుకున్నాడు. ఆ భవనం పలాజ్జో మదామా. నేడు ఇటలీ సెనేటు సమావేశమయ్యేది అందులోనే.

చర్చికి బొమ్మలెందుకు?

ఇక్కడ కాలమాన పరిస్థితులు నాలుగు మాటల్లో చెప్పాలి. పదహారో శతాబ్దంలో క్రైస్తవ మతం రెండుగా చీలింది. చర్చిలో బొమ్మలు విగ్రహారాధన అవుతుందని ప్రొటెస్టెంట్లలో చాలామంది వాటిని తీసివేశారు. పోపు పక్షంవారు ట్రెంట్ నగరంలో మహాసభ జరిపి, 1563లో బొమ్మలు ఉండవలసిందేనని తీర్మానించారు. అయితే అవి చదువు రానివానికి కూడా బోధపడాలి, భక్తి కలిగించాలి, అసభ్యంగా ఉండకూడదు, బిషప్పులు వాటిని తనిఖీ చేయాలి. అటు తరువాత రోములో చర్చిలు కట్టడం, అలంకరించడం జోరందుకుంది. తరువాతివారు బరోక్ అని పిలిచిన శైలి ఈ వాతావరణంలోనే పుట్టింది.

డబ్బు ఎవరిది? కార్డినల్సుది, పోపుగారి బంధువులది, కోశాధికారులది, వకీళ్ళది. ఒక చాపెల్ కొని అలంకరింపజేస్తే పుణ్యమూ పేరూ రెండూ దక్కుతాయి. కాబట్టి బలిపీఠం మీది బొమ్మ దేవుడిది ఎంతో దాత ప్రతిష్ఠది కూడా అంతే.

నేను చూసిన చాపెల్ కథ వింటే మన పెండింగు ఫైళ్ళు గుర్తుకు వస్తాయి. మాథ్యూ క్వాంత్రెల్ అనే ఫ్రెంచి మతాధికారి దానిని 1565లో తీసుకున్నాడు. ఇటాలియన్లు ఆయనను కొంతరెల్లి అన్నారు. తరువాత కార్డినల్ అయ్యాడు. తన పేరులోని మాథ్యూ అంటే మత్తయే గనుక ఆ కథలు గోడలకు వేయించాలని కోరిక. వేయించకుండానే 1585లో పోయాడు. వీలునామా అమలు చేయవలసినవారు కాలయాపన చేశారు. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉందని చర్చివారు పోపుగారికి మొరపెట్టుకుంటే, సెయింట్ పీటర్స్ నిర్మాణ వ్యవహారాలు చూసే కార్యాలయం కలగజేసుకుంది. కరవాజ్జోకు ఆ పని దక్కడంలో కార్డినల్ దెల్ మోంతె మాట పనిచేసిందంటారు. 1599 జూలైలో ఒప్పందం అయింది. రెండు పక్కగోడల చిత్రాలకు 400 స్కూడిలు. 1600 సంవత్సరం పోపుగారు ప్రకటించిన పవిత్ర సంవత్సరం. యాత్రికులు వేలకు వేలు రోముకు వస్తున్నారు. ఆ ఏడాదే చిత్రాలు పూర్తయ్యాయి. ముప్ఫై అయిదేళ్ళు కదలని ఫైలు ఒక్క ఏడాదిలో తేలింది. ఊరంతా ఆ బొమ్మలు చూడటానికి కదిలింది.

మెచ్చినదీ వారే, త్రోసినదీ వారే

అదే చాపెల్‌లో బలిపీఠం మీదికి 1602లో ఇంకో చిత్రం వేశాడు. సువార్త వ్రాస్తున్న మత్తయి. అందులో ఆయన మోకాళ్ళు బయటకు కనిపిస్తూ కాలు మీద కాలు వేసుకున్న మోటు మనిషి. అక్షరాలు దిద్దుకునే పిల్లవాడికి పంతులు చెయ్యి పట్టినట్టు దేవదూత ఆయన చెయ్యి పట్టి వ్రాయిస్తున్నాడు. అపొస్తలుడు ఇలా ఉంటాడా అని చర్చివారు వద్దన్నారు. వద్దన్న చిత్రాన్ని విన్‌చెంజో జుస్తినియాని అనే ధనవంతుడు సంతోషంగా కొనుక్కున్నాడు. కరవాజ్జో మర్యాదగా ఉండే ఇంకో మత్తయిని వేసి ఇచ్చాడు. ఈనాడు అక్కడ ఉన్నది ఈ రెండవదే. మొదటిది తరువాత బెర్లిన్ చేరి, 1945లో యుద్ధపు మంటల్లో పోయింది.

ఇటువంటిదే మరియ మాత మరణం. లయెర్జియో కెరుబీని అనే వకీలు ఒక మఠం చర్చి కోసం వేయించాడు. మంచం మీద ఉబ్బిన దేహంతో, కాళ్ళు బయటికి ఉండగా పడి ఉన్న ఒక పేద స్త్రీ. చుట్టూ నిశ్శబ్దంగా ఏడుస్తున్న ముసలివాళ్ళు. దేవదూతలు లేరు, మేఘాలు లేవు. మఠంవారు తిరస్కరించారు. ఆ సమయంలో రూబెన్స్ అనే మరో గొప్ప చిత్రకారుడు మాంతువా ప్రభువు కొలువులో ఉన్నాడు. ఆయన సలహా మీద 1607లో ఆ ప్రభువు కొన్నాడు. పంపించే ముందు వారం రోజులు రోము ప్రజలకు చూపించవలసి వచ్చిందట. తరువాత అది ఇంగ్లండు రాజు చార్లెస్ చేతికి, ఆయన తల తెగిన తరువాత చేతులు మారి ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ చేతికి వెళ్ళింది. నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఒక పేద స్త్రీ శవాన్ని చర్చి కాదంటే రాజులు పోటీపడి కొన్నారు. విచిత్రం కదా!

మూడవది ఇంకా చిత్రం. పోపుగారి గుర్రాల సిబ్బంది సంఘం వారు సెయింట్ పీటర్స్ చర్చిలోని తమ బలిపీఠానికి మరియ మాత, బాల ఏసు, అన్నమ్మల చిత్రం వేయించారు. చిత్రకారుడికి 75 స్కూడిలు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే అక్కడినుంచి తీసివేయవలసి వచ్చింది. కార్డినల్ షిపియోనె బొర్గేజె వంద స్కూడిలకు దానిని కొనుక్కున్నాడు. ఈయన స్వయానా పోపు అయిదవ పౌలుగారి మేనల్లుడు. ఈయన సేకరణ పద్ధతులు తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1607లో కరవాజ్జో పాత యజమాని చేజారి ఇంట్లో అనుమతి లేని తుపాకులు దొరికాయని కేసు పెట్టి, ఆయన దగ్గర ఉన్న నూరు పైచిలుకు చిత్రాలను పోపుగారు జప్తు చేసి మేనల్లుడికి ఇచ్చారు. అందులో కరవాజ్జో కూలి రోజుల్లో వేసిన పండ్లబుట్ట కుర్రవాడి చిత్రం కూడా ఉంది. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదువా అన్నారు. కొల్లకూ కొదువ ఉండదు.

పోలీసు కాగితాలు

పేరు పెరిగినకొద్దీ ఆయన దుడుకుతనమూ పెరిగింది. 1603లో తోటి చిత్రకారుడు బల్యోనె మీద బూతు పద్యాలు ప్రచారం చేశాడని కేసు. ఫ్రెంచి రాయబారి కలగజేసుకుంటే విడుదల. 1604లో దుంపలో కాయలో కాదు, ఆర్టిచోక్ అనే కూరమొగ్గలు నేతిలో వేయించినవేవో, నూనెలో వేయించినవేవో చెప్పలేదని హోటలు కుర్రవాడి మీద కంచం విసిరాడు. 1605లో అనుమతి లేని ఆయుధంతో పట్టుబడ్డాడు. అదే ఏడాది ఒక నోటరీని వెనుకనుంచి కత్తితో కొట్టాడు. ఈ చివరిది చదివినప్పుడు, దస్తావేజులు వ్రాసుకునే మన వృత్తివాడే గదా అని నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. అద్దె బాకీ పడితే ఇంటావిడ కోర్టు ద్వారా సామాను జాబితా వ్రాయించింది. అందులో చిరుగు బట్టలు, పన్నెండు పుస్తకాలు, ఒక గిటారు, ఒక అద్దం, కత్తి ఉన్నాయి. ఆయన రాత్రివేళ వచ్చి ఆమె కిటికీల మీద రాళ్ళు వేశాడు.

ప్రతిసారీ ఎవరో ఒక పెద్దమనిషి విడిపించేవాడు. ఆ అలవాటే ఆయనను చెడగొట్టిందని నాకు అనిపిస్తుంది. 1606 మే 28న బంతి ఆట మైదానం దగ్గర జరిగిన కత్తిసాములో రనుచ్చో తొమాస్సోని అనే మనిషిని చంపాడు. ఈసారి ఏ సిఫారసూ పనిచేయలేదు. మరణశిక్ష పడింది. పోపు రాజ్యంలో ఆయనను ఎవరు చంపినా నేరం కాదు. పారిపోయి మొదట తలదాచుకున్నది కొలొన్నా వంశం వారి భూముల్లోనే. తండ్రినాటి కొలువు బంధం అక్కడ పనికి వచ్చింది.

తరువాత నేపుల్స్. అక్కడ కొందరు యువకులు పేదల సేవకై స్థాపించిన పియో మోంతె అనే ధర్మసంస్థకు, ఆకలిగొన్నవానికి అన్నం, బట్టలేనివానికి బట్ట వంటి ఏడు దయాకార్యాలను ఒకే చిత్రంలో వేశాడు. ఆ సంస్థవారు ఎంత ధర వచ్చినా దానిని అమ్మరాదని 1613లో నిశ్చయించారు. నేటికీ అది వారి దగ్గరే, వేసిన చోటే ఉంది. రాజుల చేతుల్లో పడిన చిత్రాలు దేశాలు తిరిగాయి. పేదల కోసం వేసినది కదలలేదు.

1607లో మాల్టా ద్వీపం వెళ్ళాడు. అక్కడి మతవీరుల సంఘంలో చేరితే రక్షణ ఉంటుందని ఆశ. హంతకునికి ప్రవేశం లేదు. కాని సంఘం అధిపతి అలోఫ్ ద విన్యకూర్ పోపుగారి దగ్గర నిబంధనల సడలింపు తెప్పించాడు. 1608 జూలై 14న కరవాజ్జో వీరుడయ్యాడు. అక్కడే బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం చిత్రించాడు. వెడల్పు అయిదు మీటర్లకు పైనే. ఆయన సంతకం ఉన్న చిత్రం ఇదొక్కటే. ఆ సంతకం కూడా యోహాను మెడనుంచి కారిన నెత్తుటిలో వ్రాసినట్టు పెట్టాడు. కొద్ది వారాలకే అక్కడా కొట్లాట, జైలు. కోటనుంచి తప్పించుకున్నాడు. డిసెంబరు 1న ఆయనను సంఘంనుంచి వెలివేశారు. అభియోగం, అనుమతి లేకుండా ద్వీపం విడిచి వెళ్ళడం. మన భాషలో చెప్పాలంటే హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళిన నేరం. ఆ తీర్మానం చేసిన సభ జరిగింది ఆయన యోహాను చిత్రం వేలాడుతున్న గదిలోనే.

సిసిలీలో కొన్నాళ్ళు తిరిగి మళ్ళీ నేపుల్స్ చేరాడు. 1609లో ఒక హోటలు దగ్గర కొందరు కాపువేసి ముఖం మీద కత్తులతో కోశారు. దావీదు చేతిలో వేలాడే గొల్యాతు తల వేసినప్పుడు, ఆ తలకు తన ముఖమే పెట్టాడు. ఆ చిత్రం కార్డినల్ బొర్గేజె చేతికే చేరింది. ఆయన ద్వారా క్షమాభిక్ష వస్తుందని ఆశ కలిగింది. 1610 జూలైలో చిత్రాలు పడవలో వేసుకుని రోము వైపు బయలుదేరాడు. దారిలో పాలో అనే రేవులో దిగగానే పట్టుకుని ఉంచారు. పడవ చిత్రాలతో సహా వెళ్ళిపోయింది. విడుదలై దాని కోసం బయలుదేరి పోర్తో ఎర్కోలె అనే ఊరిలో జూలై 18న కన్నుమూశాడు. జ్వరంతో అని ఎక్కువమంది చెబుతారు. వయసు 38. మనిషి పోయిన వార్త వెలువడగానే పడవలోని చిత్రాల కోసం మూడు పెద్ద పక్షాలు పోటీపడ్డాయి. బొర్గేజెకు ఒక యోహాను చిత్రం దక్కింది.

తరువాత చాలాకాలం లోకం ఆయనను పట్టించుకోలేదు. 1951లో మిలాన్‌లో జరిగిన ప్రదర్శనతో మళ్ళీ వెలుగులోకి వచ్చాడు. అద్దె కట్టలేని ఆ మనిషి బొమ్మను 1983లో ఇటలీవారు తమ లక్ష లీరాల నోటు మీద అచ్చువేశారు. యూరో వచ్చేవరకు ఆ నోటు చెల్లింది.

దుమ్ము పాదాలు

ఇక మొదట అన్న మాటకు వస్తాను. ఆ రోజు రోములో మత్తయిని చూశాక, అక్కడికి కొద్ది అడుగుల దూరంలోనే ఉన్న సంత్ అగొస్తీనో చర్చికి వెళ్ళాము. అక్కడ లొరేతో మాత చిత్రం ఉంది. ఇంటి గుమ్మంలో బిడ్డను ఎత్తుకుని మరియ మాత నిలబడి ఉంది. ఎదురుగా కాలినడకన వచ్చిన ఒక ముసలి యాత్రికుడు, ఒక ముసలమ్మ మోకరిల్లి ఉన్నారు. ఆ ముసలివాని అరికాళ్ళు మనవైపే ఉన్నాయి. పగుళ్ళు, మట్టి. బలిపీఠం ముందు మోకరించినవారి కళ్ళకు ఎదురుగా ఆ పాదాలే. ఆనాడు దీని మీద కూడా గోల జరిగింది. కాని దీనిని తీయలేదు. వేసిన చోటే ఉంది.

ఆ పాదాలు చూడగానే నాకు 1980ల చివరి సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. ఇంతవరకు మా ఆవిడకు కూడా చెప్పలేదు. అప్పట్లో రిఫండు ఫైళ్ళు నా బల్ల మీద ఉండేవి. పల్లెటూరి కిరాణా వ్యాపారి ఒకాయనకు ఎక్కువ కట్టిన పన్ను తిరిగి రావాలి. పెద్ద మొత్తం కాదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఒకరోజు చెప్పులు వరండాలో విడిచి లోపలికి వచ్చాడు. అప్పుడే తడిగుడ్డ పెట్టిన గచ్చు మీద ఆయన పాదాల గుర్తులు పడ్డాయి. నేను కసురుకున్నాను. ఆయన వెనక్కి వెళ్ళి పైపంచెతో పాదాలు తుడుచుకుని మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. పెద్దల చీటీలు తగిలించిన ఫైళ్ళు పైన ఉన్నాయి, ఆయన ఫైలు అడుగున ఉంది. నాలుగు నెలలు అక్కడే ఉంది. నేను ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, ఆ మాట గర్వంగా చెప్పుకునేవాణ్ణి. కాని ఏ ఫైలు పైన ఉండాలో నిర్ణయించింది నా చెయ్యే. ఆర్డరు వచ్చేనాటికి ఆయన కొడుకు వచ్చి సంతకం పెట్టి తీసుకున్నాడు. తండ్రి ఎందుకు రాలేదని నేను అడగలేదు.

కరవాజ్జో సత్పురుషుడు కాడని మరోసారి ఒప్పుకుంటున్నాను. ఆయన చంపిన మనిషికీ ఒక ఇల్లు ఉంది. బ్రతుకంతా పెద్దల నీడన బ్రతికాడు, ఆ నీడ తొలగగానే కూలిపోయాడు. కాని కుంచె పట్టినప్పుడు మాత్రం, డబ్బు ఇచ్చిన పెద్దలకు కాక ఆ యాత్రికుని పాదాలకే వెలుగునిచ్చాడు. వద్దన్నా అదే వేశాడు. నాకు కుంచె లేదు. ఫైళ్ళ వరుస మార్చగలిగే అధికారం మాత్రం ఉండేది. ఆ చిన్న అధికారంతో నేను ఎవరికి వెలుగునిచ్చానన్నదే ఇప్పుడు నన్ను వేధించే ప్రశ్న.

మిత్రులారా, మనమందరం ఇప్పుడు బల్లకు ఇవతలివైపు ఉన్నాం. ఏటేటా బ్రతికి ఉన్నామని కాగితం ఇవ్వడానికి కౌంటరు ముందు నిలబడుతున్నాం. మన పిల్లల్లో, మనుమల్లో చాలామంది బల్లకు అవతల కూర్చున్నారు. ఈ సంచిక వారి కంట కూడా పడితే, ఈ కథ చదివించండి. చిత్రాలు చూడటానికి రోము దాకా వెళ్ళనక్కరలేదు, పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ సుంకపు బల్ల చివర తల ఎత్తని కుర్రవాణ్ణి ఒక్కసారి చూపించండి. ఎవరో గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఒకసారి తల ఎత్తి చూడమని చెప్పండి.